తోడేలు కేక

సైనిక శిక్షణలో మా ఆడపిల్లల బ్యారక్‌కు ఒక సీనియర్ అక్క ఉండేది. తిరుమలగిరి దగ్గర గొర్లకాపరుల బిడ్డ. నాది రామన్నపేట కాబట్టి నాతో మన యాసలోనే మాట్లాడేది.

స్టోరు సుబేదారు యూనిఫాం కొలతల వంకతో అమ్మాయిలను తడిమేవాడు. అతను కనబడితే చాలు, అక్క "హోయ్... హోయ్!" అని కేక పెట్టేది. తోడేలును చూస్తే వాళ్ల బాపు పెట్టే కేక అది. మేమంతా అందుకునేవాళ్లం. అతను తోవ మార్చేవాడు.

"గొర్లకు బుద్ధులు చెప్తే ఏమొస్తదే? తోడేలొచ్చిందని అందరికి ఎర్కజెయ్యాలె," అనేది.

అక్క సెలవులో ఉన్న వారం అతను స్టోరులో ఒక కొత్తమ్మాయి మీద చెయ్యి వేశాడు. అక్క తిరిగొచ్చి, ఆ అమ్మాయి పక్కన కూర్చుని ఫిర్యాదు రాయించింది. విచారణకొచ్చిన మేడం సాక్షులెవరని అడిగింది. ఆ రోజు స్టోరులో ఉన్నది ఆ అమ్మాయి, సుబేదారు ఇద్దరే. సుబేదారు ధీమాగా బయటికొచ్చి మా పరేడు ముందునుంచే నడిచాడు.

పరేడులో నోరు మెదపకూడదు. కానీ అలవాటైన గొంతులు కదా! తెలుగు ముక్క రాని పంజాబీ పిల్లతో సహా నలభైమందిమీ ఒక్కసారే "హోయ్!" అన్నాం.

మేడం కిటికీలోంచి తొంగిచూసి, అదేం అరుపని అడిగింది. అక్క సెల్యూట్ కొట్టి, అతను కొలతల వంకతో మా అందరినీ తడిమే సంగతి, ఈ కేక సంగతి అంతా చెప్పింది.

పరేడులో అరిచినందుకు మేడం మాకు మైదానం చుట్టూ పది రౌండ్ల పరుగు శిక్ష వేసింది. తర్వాత కాగితం మీద రాసుకుంది: సాక్షులు నలభైమంది.