గరిటె ఎవరి చేతిలో

బత్తలపల్లె దగ్గర ఒక ఊర్లో బోరు వేస్తే, నీళ్ళు పడకముందే పాతాళంలో ఎవరో తుమ్మినట్టు వినపడింది. అబద్ధమనుకుంటే పోయి రిగ్గు డ్రైవరును అడగండి. అట్లాంటి ఊర్లో హనుమక్క రోజూ కిలోమీటరు నడిచి మంచినీళ్ళ ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాను మోసుకొస్తాది. ఆ మోతకు ఇంకొకరి నడుమయితే ఈపాటికి రెండు ముక్కలయి, వేరువేరు దార్లలో ఇల్లు చేరుండేది.

ఇంత మోసినా రెండేళ్ళ మనవరాలికి నెలలో మూడుసార్లు విరేచనాలు. "క్యాను నీళ్ళు మంచివే, బిందెలో ముంచే చేతులే మంచివి కావు" అనింది నర్సు రేఖ. హనుమక్క పొడుగు కాడ గరిటె కొనుక్కొచ్చి, ఎవరడిగినా తానే ముంచి పోస్తానని చెప్పేసింది.

మొదట అడిగింది ఆంజినమ్మ. ఎస్సీ కాలనీ మనిషి, ఉపాధి పనిలో పదిహేనేండ్లుగా హనుమక్కకు జోడీ. ఒకప్పుడు హనుమక్క ఇంట్లో ఆమెకు దోసిట్లోకి ఎత్తి పోసేవాళ్ళు. ఈ మధ్యనే తన చేత్తో తాను ముంచుకొని తాగుతాంది. గరిటెతో ఆమె గ్లాసులోకి పోస్తాంటే, మంచం మీద నుంచి అత్త వెంకటలక్ష్మమ్మ, "ఇన్నాళ్ళకు కోడలికి బుద్ధి వచ్చింది" అనింది.

హనుమక్క బిందె మీద మూత పెట్టింది. ఆంజినమ్మ తాగకుండానే గ్లాసు కింద పెట్టి పోయింది. పనిలో వేరే జోడీ చూసుకునింది. ఆ వారం పాప కడుపు కుదురుకునింది. హనుమక్క గరిటె తీసేయలేదు, మనిషిని వదులుకోలేదు.

ఎనిమిదో రోజు పని దిగి కాలనీకి పోయి, ఆంజినమ్మ గడపలో కూలబడింది.

"దప్పికయితాంది మే."

ఆంజినమ్మ చెంబు తెచ్చి, చేతికివ్వకుండా పైకెత్తింది. హనుమక్క దోసిలి పట్టింది. సగం నీళ్ళు రవికలోకే పోయినాయి.

"ఎట్లుండాదక్కా?"

"పాప కోసం పెట్టినా మే గరిటె. నిన్ను దూరం పెట్టేదానికి కాదు."

"సరే, పాప కోసమే. అది నీ చేతిలోనే ఎందుకుండాల? కడుక్కునేదానికి నాకు చేతుల్లేవా?"

హనుమక్క ఎంత ఆలోచించినా, గరిటె తన చేతిలోనే ఉండాలని నర్సు చెప్పినట్టు గుర్తు రాలేదు. "మా అత్త ఊరుకోదు" అనింది చివరికి.

"నేనడిగింది మీ అత్తను కాదు."

మరుసటి రోజు హనుమక్క ఆమెను వెంటబెట్టుకొని ఇంటికొచ్చింది. చేతులు కడుక్కునేదానికి నీళ్ళు పోసి, గరిటె అందించింది.

"ఏమే!" అని మంచం మీద నుంచి కేక.

"నీకూ కావాల్నా అత్తా? ఆంజినమ్మ పోస్తాది."

ముసలామె గోడవైపు తిరిగి పండుకునింది. ఆ పొద్దు నుంచి ఆ బిందె నీళ్ళు ముట్టలేదు. ఆమెకు వేరే బిందె, వేరే క్యాను. హనుమక్క ఇప్పుడు ప్లాంటుకు రోజూ రెండుసార్లు నడుస్తాంది.