ముందు జవాబు

మా అమ్మాయి కంపెనీలకి సలహాలు చెప్పే ఉద్యోగానికి తయారవుతున్న రోజుల్లో ఇంట్లో నాకూ ఒక పని పడింది. దాన్ని ప్రశ్నలు అడగడం. నేను చిన్న తరగతులతో బడి మానేసినదాన్ని. చదవమంటే కూడబలుక్కుంటాను గానీ, చెవిన పడ్డ మాట మాత్రం నాకు పోదు. అందుకని అది దువ్వాడ అవతలి కాలేజీ నుంచి వచ్చి, అక్కడ అడిగిన ప్రశ్నలన్నీ నాకు ఒక్కసారి చెప్పేది. మర్నాడు సాయంత్రం నేను చేపల గంప కడిగి బోర్లించాక, వరస తప్పకుండా అవే దాన్ని అడిగేదాన్ని.

ఊళ్ళో రోజుకి ఎన్ని టీలు అమ్ముడవుతాయి? ఒక ఆసుపత్రికి జనం బాగానే వస్తున్నా లాభం ఎందుకు తగ్గుతోంది? ఇలాంటివి. సరైన లెక్క ఎవరికీ తెలియదట. తెలియనిదాన్ని ముక్కలు చేసుకుని ఎలా ఆలోచిస్తావో చూస్తారట.

"సలహా సెప్పినోళ్ళకి జీతమిత్తారేటి?" అంది మా అత్త, గుమ్మం ముందు ఎండుచేపలు తిరగేస్తూ. "మన వాడలో ఊరికే సెప్తారు. వద్దన్నా సెప్తారు."

"అందుకే ఎవులూ ఇనరు నానమ్మా. డబ్బులిచ్చి సెప్పించుకుంటే ఇంటారు."

"అయితే ఇన్నాళ్ళూ మీ అమ్మకి ఊరికే సెప్పి నాను సెడిపోనాను."

అక్కడ నవ్వాలని నాకు తెలుసు. నవ్వాననే అనుకుంటాను. అప్పటికి మా ఆయన పోయి చలికాలం దాటింది. పోయాడని ఇప్పుడు అంటున్నాను గానీ అప్పుడు ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు. వల లాగుతూ బోటు మీంచి పడ్డాడని, ఎంత వెతికినా కనబడలేదని తోటివాళ్ళు వచ్చి చెప్పారు. ఆ చెప్పడం కూడా గాలి దగ్గర మొదలుపెట్టి, ఇంజను మీదుగా తిప్పి, ఆఖర్న చెప్పారు. శవం దొరకలేదు. కొడుకు మంచి ఈతగాడు, ఒరిస్సా వైపు ఎక్కడో ఒడ్డెక్కి ఉంటాడని మా అత్త నమ్మకం. రోజూ అన్నం వండగానే అతని కంచంలో కాస్త పెట్టి మూత వేసేది. నా బొట్టూ గాజులూ అలాగే ఉన్నాయి. తెల్లారకముందే హార్బరుకి వెళ్ళి ఐసులో చేతులు పెట్టి చేపలు ఏరుకుంటే, పక్కామె గుర్తు చేసేదాకా చెయ్యి తియ్యాలని తెలిసేది కాదు. చల్లదనం నా దాకా వచ్చేది కాదు.

పిల్లకి వచ్చిన చిక్కు ఏమిటంటే, ఆ ఉద్యోగంలో జవాబు ముందు చెప్పాలి. కారణాలు తర్వాత. అడిగేవాళ్ళు పెద్ద పెద్ద కంపెనీల వాళ్ళు, వాళ్ళకి తీరిక ఉండదు. మా పిల్లేమో కారణాలన్నీ చక్కగా పేర్చి, జవాబు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. కాలేజీలో సారు, "జవాబు నీ నోట్లోనే ఉంది, మింగేస్తున్నావు," అన్నాడట. ఈ ఇంటర్వ్యూ తప్పితే కంపెనీ వాళ్ళు ఆ ఏడు మళ్ళీ రారు.

సారుకి తెలియదు గానీ నాకు తెలుసు అది ఎందుకు మింగుతోందో. మా ఇళ్ళలో బోటెక్కేవాణ్ణి ఎక్కడికని అడగం. ఈసారి ఎంత పడుతుందని అనం. బోటు ఒడ్డుకి వచ్చి బుట్టలు దించేదాకా లెక్క నోట రాకూడదు, ముందే అనేస్తే పోతుందని భయం. చిన్నప్పుడు అది "నాన్న ఇయాల బోల్డు సేపలు తెత్తాడు" అంటే మూతి మీద కొట్టింది నేనే.

ఆ సాయంత్రం టీల ప్రశ్న మళ్ళీ అడిగాను. మళ్ళీ ఊరు, జనం, టీ తాగేవాళ్ళు, తాగనివాళ్ళు అంటూ తిరిగి తిరిగి ఆగిపోయింది.

"ఎన్నే?"

"అదేనమ్మా... సుమారుగా... ఇంకోటి అడుగు."

ఇంకోటి అడిగాను. అడుగుతానని నాకు ముందు తెలియదు.

"మీ నాన్న వత్తాడా, రాడా?"

గుమ్మంలో మా అత్త చెయ్యి ఆగింది. పిల్ల నన్నే చూసింది.

"అది ఆళ్ళిచ్చిన ప్రశ్న కాదమ్మా."

"అయినా సెప్పు. ముందు జవాబు."

నా చేతి గాజులు చూస్తూ అంది. "రాడమ్మా."

"ఎందుకు?"

"ఒకటి, ఆ రోజు నీరు శానా సల్లగుంది. రెండు, ఒడ్డు దూరం. మూడు..." అని ఆగి, "మూడు, బతికుంటే ఈపాటికి నీకు ఫోన్ సేసీవోడు," అంది.

నాకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని చూశాను. లోపల ఏదో గుండీ తప్పి పక్క కాజాలో పడ్డట్టు అనిపించింది, అంతే. మా అత్త ఎండుచేపలు చాటలోకి ఎత్తి, "మంచు పడతాది, లోపల ఎట్టండి," అంది. అవి ఎండాకాలం మొదటి రోజులు, మంచేమీ లేదు. మర్నాడు అన్నం వార్చాక కొడుకు కంచం కడిగి అటక మీద పెట్టింది. నేను గాజులు తీసి పక్కన పెట్టాను.

ఇంటర్వ్యూ ఇంట్లోనే, లాప్‌టాప్‌లో. ఫ్యాను చప్పుడు అవుతుందని ఆపేశాం. ఉల్లిపాయల ఆటో మైకుతో వీధిలోకి వస్తే మా అత్త ఎదురెళ్ళి, "మా గుంట లోపల సలహా సెప్తంది, నోరు ముయ్యి," అని వెనక్కి పంపింది. నేను తలుపు ఇవతల కూర్చున్నాను. ఇంగ్లీషు నాకు అర్థం కాదు. కానీ అవతలివాళ్ళు అడగ్గానే అది ముందు చిన్నమాట ఒకటి చెప్పి, ఆ తర్వాతే ఒకటి, రెండు, మూడు అనడం తెలుస్తూనే ఉంది. ఎక్కడా ఆగలేదు.

కొన్నాళ్ళకి నేను చేపలు శుభ్రం చేస్తుండగా కాలేజీ నుంచి వచ్చింది. చెప్పులు కూడా విడవలేదు.

"వచ్చిందమ్మా."

నేను తలూపి, చేతిలో ఉన్న చేపకి పొలుసు తీయడం పూర్తి చేశాను.

"ఏటమ్మా, ఏటీ అనవేటి?"

పీట పక్కకి జరిపి దానికి చోటిచ్చాను.

"కారణాలు సెప్పు," అన్నాను.

కూర్చుని, ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది.