ఒకటా రెండా గారి సైకిలు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. దుకాణం బోర్డు మీద కూడా రాయించారు. కానీ ఆ వీధిలో దాన్ని వాడవలసిన అవసరం ఎవరికీ పడలేదు. కళ్ళజోళ్ళ దుకాణం వెనక చీకటిగదిలో, కుర్చీలో కూర్చున్న మనిషి ముక్కు మీద బరువైన ఫ్రేము మోపి, అందులో ఒక అద్దం వేసి, దాన్ని చటుక్కున తిప్పి, "ఒకటా? రెండా?" అని అడగడం ఆయన వృత్తి. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు సాయంత్రం దించేదాకా అదే ప్రశ్న. అందుచేత ఆయన ఒకటా రెండా గారయ్యారు. పిల్లలు వీపు వెనక అలా అనేవారు. పెద్దలు మొహమాటం లేకుండా ఎదురుగానే అనేవారు.

ఆయన లెక్క ప్రకారం మానవజాతి మూడు రకాలు. అడగ్గానే చెప్పేవాళ్ళు ఉత్తములు. "ఏదీ, ఇంకోసారి" అనేవాళ్ళు మధ్యములు. "మీరే ఏదో ఒకటి చూసి ఇచ్చెయ్యండి డాక్టరు గారూ" అనేవాళ్ళు మూడోరకం. వీళ్ళ గురించి ఆయన ఇంటికి వెళ్ళాక కూడా బాధపడేవారు. ఆయన డాక్టరు కాదు. పిలిచిన ప్రతిసారీ ఆ సంగతి చెప్పేద్దామనుకునేవారు గానీ, పిలుపు చెవికి హాయిగా ఉండటంతో ఊరుకునేవారు.

"కళ్ళు మీవి బామ్మగారూ, చూసేది మీరు. నేనెలా చెప్తాను?" అని ఒకరోజు ఓ పెద్దావిడను మందలించారు.

"చెప్పు నాయనా, తప్పేముంది? మా ఆయన్ని కూడా మా నాన్నే చూసి ఇచ్చేశాడు."

"మరి ఎలా కుదిరింది?"

"మొదట్లో కాస్త మసగ్గా ఉండేవాడు. అలవాటైపోయాడు."

పరీక్ష చివరికొచ్చేసరికి మాత్రం ఆయన ఒక్క మాట కోసం చెవులు రిక్కించేవారు. అద్దం ఎటు తిప్పినా తేడా కనబడక, కూర్చున్నవాళ్ళు కాస్త సిగ్గుపడుతూ, "రెండూ ఒకేలా ఉన్నాయండీ" అంటారు. తామేదో తప్పు చెప్పామని వాళ్ళ భయం. నిజానికి ఆ కంటికి కావలసిన నంబరు దొరికిందనడానికి అదే గుర్తు. "అదీ! ఆ మాట కోసమే కూర్చున్నా!" అని ఆయన తొడ చరిచేవారు. ఆ తర్వాత రెండో కన్ను. అదయ్యాక రెండు కళ్ళూ తెరిపించి, కలిపి చూడటం. ఒక కన్ను మూసి చూసినదాంతోనే జోడు రాసి పంపేవాడు ఆయన దృష్టిలో మహాపాపి.

ఆయన భార్యది తపాలా ఉద్యోగం, ఇంటింటికీ ఉత్తరాలు పంచే పని. అందరికీ ఆమె పోస్టమ్మ. వారమంతా ఆఫీసువాళ్ళిచ్చిన ఏనుగులాంటి సైకిలు మీద, ముందో సంచీ వెనకో సంచీ వేసుకుని తిరిగే మనిషి ఆదివారం కాళ్ళు చాపుకుని కూర్చుంటుందని ఎవరైనా అనుకుంటారు. ఆమె ఆదివారం తన సొంత సైకిలు ఎక్కేది. "సంచీ లేకుండా తొక్కితే ఎలా ఉంటుందో వారానికోసారైనా గుర్తుండాలి కదా" అనేది. మొగుడూ పెళ్ళాం ఊరు దాటి, కాలువగట్టు మీది కంకర దారిలో లాకుల దాకా వెళ్ళి రావడం కాపురం పెట్టిన కొత్తలో మొదలైన అలవాటు. ఆమె ముందు చేరేది. ఆయన రొప్పుకుంటూ చేరేసరికి ఫ్లాస్కులో టీ సగానికి వచ్చేది.

"వచ్చారా? చల్లారిపోతోందని మీ వంతు కూడా కాస్త తాగాను."

ఇందులో అవమానమేమీ లేదని ఆయన చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకం సడలిన రోజున కొత్త సైకిలు కొనాలని నిశ్చయించుకున్నారు. నిశ్చయించుకున్న మనిషి ఎలా ఉంటాడో లోకానికి చూపించాలి కాబట్టి, పాత సైకిలును అదే రోజు పక్కకొట్టు టైలరుకు అమ్మేశారు. జన్మలో ఆయన చేసిన తొందరపని అదొక్కటే.

చిక్కు అక్కడే మొదలైంది. సైకిళ్ళ దుకాణం యజమాని చేతులకు ఎప్పుడూ గొలుసు నూనె అంటుకుని ఉండేది. అందుకని ఆయనకు గొలుసాయన అని పేరు. గొలుసాయన రెండు సైకిళ్ళు చూపించాడు. ఒకటి గ్రావెల్ బైకు: సన్నటి ఒళ్ళు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, కంకరలో కూడా బాణంలా దూసుకుపోయే రకం. దానిమీద కూర్చున్నవాడు ఎవరికో వంగి నమస్కారం పెట్టబోయి మధ్యలో బిగుసుకుపోయినట్టుంటాడు. రెండోది అడ్వెంచర్ బైకు: లావు టైర్లు, గతుకుల్ని మింగేసే స్ప్రింగులు, మేనేజరు కుర్చీ లాంటి సీటు. నిటారుగా కూర్చుని లోకాన్ని తనిఖీ చేసుకుంటూ వెళ్ళవచ్చు.

"సుఖంగా కూర్చునేదాన్ని అడ్వెంచర్ అంటారేమిటయ్యా?"

"కంపెనీవాళ్ళు పెట్టారు సార్. సోఫా అని పెడితే ఎవరు కొంటారు?"

ఏళ్ళ తరబడి ఇతరుల ముక్కుల మీదికి వంగి వంగి ఒకటా రెండా గారి మెడ కొయ్యబారిపోయింది. కాబట్టి సమస్య ఆయనకు స్ఫటికంలా కనబడింది. గ్రావెల్ తీసుకుంటే పోస్టమ్మ దక్కుతుంది, మెడ పోతుంది. అడ్వెంచర్ తీసుకుంటే మెడ దక్కుతుంది, పోస్టమ్మ పోతుంది. ఇంత స్పష్టంగా కనబడుతున్న సమస్యకు జవాబు మాత్రం కనబడలేదు. వానలు వెళ్ళిపోయాయి, చలి మొదలైంది. ఆయన రోజూ దుకాణం మూశాక గొలుసాయన దగ్గరికెళ్ళి, ఒకదాని మీద కూర్చుని, దిగి, రెండోదాని మీద కూర్చుని, మళ్ళీ దిగి, "ఏదీ, ఇంకోసారి" అనేవారు.

గొలుసాయన ఓర్పుగల మనిషే. అయినా ఒకరోజు అనేశాడు. "సార్, వీటిని మీరు కొనకపోయినా పర్లేదు. పేర్లు పెట్టేసి పెంచుకుంటున్నట్టుంది నాకు."

"నువ్వైతే ఏది తీసుకుంటావు?"

అడిగేశాక ఆయన ఉలిక్కిపడ్డారు. మూడోరకం మాట తన నోటి నుంచే వచ్చింది.

ఇటు పక్కకొట్టు టైలరు పాత సైకిలు మీద రోజూ దుకాణం ముందు నుంచే పోతూ, అవసరం లేకపోయినా బెల్లు కొట్టేవాడు. ఆ బెల్లు వినబడగానే ఆయన చేతిలో అద్దం ఆగిపోయేది. కుర్చీలోని మనిషి చీకట్లో, "ఇది ఒకటా అండీ, రెండా?" అని తిరిగి అడగవలసి వచ్చేది.

పోస్టమ్మ ఆదివారాలు ఒంటరిగా వెళ్ళివచ్చేది. మొదట్లో వచ్చి దారి విశేషాలు చెప్పేది. ఆయన వినేవారు కాదు. వినబోతూ వినబోతూ, "అవునుగానీ, ఆ మలుపు దగ్గర కంకర లావా, సన్నమా? టైరుకి తేడా పడుతుంది" అనేవారు. క్రమంగా ఆమె చెప్పడం మానేసింది. ఒక శనివారం భోజనాల దగ్గర, మజ్జిగ పోసుకుంటున్నంత మామూలుగా అంది.

"రేపట్నుంచి మా ఆఫీసువాళ్ళతో వెళ్తున్నా."

"ఎవరు వాళ్ళు?"

"పార్సిళ్ళ సెక్షను వాళ్ళు."

"పార్సిళ్ళవాళ్ళా! కాలువగట్టు గురించి వాళ్ళకేం తెలుసు?"

"ఏమో అండీ. సైకిళ్ళయితే ఉన్నాయి."

ఆదివారం ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఆమె తిరిగొచ్చేదాకా పేపరు తిరగేశారు. ఏం చదివారో ఆయనకే తెలీదు. ఆమె వచ్చి బూట్లు విప్పుకుంటుంటే, "ఎలా ఉంది?" అని అడిగారు. "బాగుంది" అంది. ఇంకేమైనా అంటుందేమోనని చూశారు. అనలేదు. ఎన్నో ఏళ్ళుగా మనుషుల జవాబులు విని బతికినవాడు కాబట్టి, పొడుగాటి ఫిర్యాదు కన్నా పొట్టి మెప్పు ప్రమాదమని ఆయనకు తెలుసు. ఆ వారమంతా ఎవరి కంటికి ఏ అద్దం వేస్తున్నా, లాకుల దగ్గర పార్సిళ్ళవాళ్ళు తన వంతు టీ తాగుతున్నట్టే కనబడింది.

ఆ సోమవారమే వెళ్ళి గొలుసాయన కాళ్ళావేళ్ళా పడ్డారు. ఫలితంగా తర్వాతి ఆదివారం గొలుసాయన రెండు సైకిళ్ళనూ వ్యానులో వేసుకుని కాలువగట్టుకు తెచ్చాడు. "ఇవాళ తేలకపోతే నేనీ వ్యాపారం మానేసి కళ్ళజోళ్ళు పెట్టుకుంటా సార్. మీరొచ్చి సైకిళ్ళు పెట్టుకోండి," అన్నాడు. పోస్టమ్మ కూడా తన సైకిలు మీద వచ్చింది. "ఈ ఒక్క ఆదివారం పార్సిళ్ళవాళ్ళకి రానని చెప్పాను. ఈ ఒక్కటే," అంది. వంతెన గోడ మీద కూర్చుని ఫ్లాస్కు పక్కన పెట్టుకుంది.

ఒకటా రెండా గారు శాస్త్రోక్తంగా మొదలుపెట్టారు. వంతెన నుంచి మలుపు దాకా, మలుపు నుంచి వంతెన దాకా. ముందు ఒకటి. గ్రావెల్ బైకు నిజంగానే ఎగిరింది. గాలి చెవుల్లో ఈల వేసింది. కానీ ఆ ప్రయాణంలో ఆయనకు కనబడిందల్లా ముందు చక్రమూ, దాని కింద కంకరా. తల ఎత్తుదామంటే మెడ ఒప్పుకోలేదు. కాలువ ఎడమవైపు ఉందో కుడివైపు ఉందో దిగాక చూసుకోవలసి వచ్చింది.

తర్వాత రెండు. అడ్వెంచర్ బైకు ఆయన్ని పల్లకీలో మోసినట్టు మోసింది. నీళ్ళలో కొంగలు, అవతలి గట్టున మేకలు, పడవలో ఎవరో ఆరేసుకున్న చొక్కా, అన్నీ కనబడ్డాయి. ఆ చొక్కాకు పై గుండీ లేదని కూడా ఆయన గమనించారు. అంతలో వెనకనుంచి తెలిసిన బెల్లు మోగింది. టైలరు. పాత సైకిలు మీద, వెనక సీటు మీద భార్యను ఎక్కించుకుని, తాపీగా ఆయన్ని దాటేశాడు.

"ఏం డాక్టరు గారూ, కొత్తదా? చాలా నిదానమైన బండిలా ఉందే!"

మళ్ళీ ఒకటి. మళ్ళీ రెండు. గొలుసాయన వ్యాను తలుపు తీసుకుని అందులో పడుకున్నాడు. పోస్టమ్మ పార్సిళ్ళవాళ్ళు వెళ్ళే దారివైపు ఒకసారి చూసింది. ఆ చూపు ఆయన కూడా చూశారు. గబగబా ఇంకో చుట్టు తిరిగారు. అప్పుడు జరిగిందది. వంతెన దగ్గర దిగి, మెడ ఒక చేత్తో, నడుం ఒక చేత్తో పట్టుకుని ఆయన ఒక్క అరుపు అరిచారు.

"రెండూ ఒకేలా ఉన్నాయి!"

అని తొడ చరుచుకున్నారు. ముఖం వెలిగిపోయింది. గొలుసాయన వ్యానులోంచి లేచి కూర్చున్నాడు.

"అంటే ఏంటి సార్?"

"అంటే నంబరు దొరికిందన్నమాటయ్యా!"

"సంతోషం. సైకిలేది?"

నంబరుంది, సైకిలు లేదు. వృత్తి జీవితంలో ఈ పరిస్థితి ఎన్నడూ ఎదురుకాలేదు. అటు చూశారు, ఇటు చూశారు. ఇక ఈ ఆదివారం అయిపోయినట్టేనని, దీంతోపాటు మిగతా ఆదివారాలు కూడానని అర్థమై, గ్రావెల్ బైకు హ్యాండిలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

గోడ మీంచి పోస్టమ్మ అడిగింది. "ఏ కంటికి?"

"ఆఁ?"

"రెండూ ఒకేలా ఉన్నాయన్నారుగా. ఏ కంటికి? ఒక కన్ను మూసుకుని చూసి జోడు రాసేస్తారా మీరు?"

ఒకటా రెండా గారు భార్య ముఖంకేసి, చార్టులో చివరి వరుస చదువుతున్నవాడిలా చూశారు. ఊళ్ళో సగం మందిని తన ప్రశ్న అడిగారు. బామ్మలను అడిగారు, బడిపిల్లలను అడిగారు, ఒకసారి మత్తులో ఉన్న లారీ డ్రైవరును కూడా అడిగారు. రెండో కన్ను లాంటి ఈవిడను మాత్రం అడగలేదు. గొంతు సవరించుకుని, చీకటిగదిలో వాడే గొంతుతో అన్నారు.

"కూర్చోవోయ్. చూసి చెప్పు. ఒకటా? రెండా?"

ఆమె గోడ దిగి, ఆయన చేతిలోంచి గ్రావెల్ బైకు తీసుకుని వెళ్ళింది. వెళ్ళడం అనే మాట చాలదు. ఉన్నట్టుండి లేకుండా పోయింది. దుమ్ము కిందికి దిగేలోపే తిరిగొచ్చి బ్రేకు వేసింది. జుట్టంతా రేగిపోయి ఉంది. వారమంతా రెండు సంచీలు మోసే మనిషి ముఖంలో అంత తేలిక ఆయన చూసి చాలాకాలమైంది.

"ఒకటి," అంది.

"రెండోది చూడనేలేదు కదా?"

"అక్కర్లేదండీ. మిమ్మల్ని మాత్రం రెండోవాణ్ణి చూశాక ఒప్పుకున్నానా?"

"అక్కా, మీరు ముందే వచ్చుండాల్సింది," అన్నాడు గొలుసాయన, దాదాపు కళ్ళనీళ్ళతో.

ఉత్తమురాలు ఇన్నేళ్ళుగా ఇంట్లోనే ఉందని ఆయనకు ఆనందం కలిగింది. వెంటనే భయం కూడా కలిగింది. "బాగానే ఉంది. నువ్వు దాని మీద, నేను ఈ సోఫా మీద. నువ్వు ఆదివారం బయల్దేరితే నేను సోమవారం చేరతాను. అంతకన్నా పార్సిళ్ళవాళ్ళే నయం కదూ నీకు?"

"పోయినవారం వెళ్ళాగా," అంది పోస్టమ్మ. "అందరిదీ ఒకటే వేగం. నేను చూసిందే వాళ్ళూ చూశారు. ఒక్కళ్ళకి కూడా చెప్పడానికేం లేదు. ఉత్తరం చేత్తో పట్టుకుని ఇల్లు దొరకనట్టుంది నాకు."

"మరి నాతో వచ్చినప్పుడైనా నువ్వు లాకుల దగ్గర కూర్చునేదానివి కదా?"

"నా పాత సైకిలుతో వెనక్కొచ్చి మళ్ళీ వెళ్ళే ఓపికెక్కడిది? కూర్చోక ఏం చెయ్యను? నా ఉద్యోగంలో నేను వీధి చివర కూర్చుని టీ తాగుతానా? ఒక వైపు పంచుకుంటూ వెళ్తా, రెండో వైపు పంచుకుంటూ వస్తా. ఇది ఉంటే ఎన్నిసార్లయినా వస్తా. ఎక్కండి."

ఆయన ఎక్కారు. గొలుసాయన, "మీ మనసు మారేలోపు పోతా సార్, రెండింటి డబ్బూ రేపిద్దురుగాని" అంటూ, పోస్టమ్మ పాత సైకిలును మార్పిడి కింద వ్యానులో పడేసుకుని పారిపోయాడు. బయల్దేరబోతూ ఒక చిన్న ఇబ్బంది తేలింది. గ్రావెల్ బైకుకు ఫ్లాస్కు పెట్టుకునే చోటే లేదు. అడ్వెంచర్ బైకుకు వెనక బుట్ట ఉంది. ఫ్లాస్కు ఆయన బుట్టలోకి చేరింది. చరిత్రలో మొదటిసారి టీ ఆయన అధీనంలోకి వచ్చింది.

ఆమె వెళ్ళిపోయింది. ఆయన నిటారుగా కూర్చుని, మెడ నొప్పి లేకుండా, కొంగలను తనిఖీ చేస్తూ సాగారు. కాసేపటికి ఎదురుగా దుమ్ము లేచింది.

"లాకుల దగ్గర పడవ ఆగుంది. పడవ మీద కుక్క నిద్రపోతోంది," అని చెప్పి, ఆయన చుట్టూ తిరిగి, మళ్ళీ మాయమైంది.

ఈసారి ఆయన కంకర లావా సన్నమా అని అడగలేదు. ఎలాంటి కుక్కో అడగాలనుకున్నారు గానీ, అప్పటికే ఆమె అందనంత దూరం వెళ్ళిపోయింది. ఆ ప్రశ్న దగ్గరుంచుకుని తొక్కసాగారు. చాలా దూరాన, గట్టు చివర, ఒక చుక్క కనబడింది. వెళ్తోందో వస్తోందో తెలియలేదు. ఆయన అలవాటుగా ఒక కన్ను మూసి చూడబోయి, నాలుక్కరుచుకుని, రెండు కళ్ళూ తెరిచారు.

చుక్క పెద్దదవుతోంది.

"కుక్క లేచింది!" అని దూరంనుంచే అరిచింది పోస్టమ్మ. "ముందు టీ తియ్యండి, తర్వాత చెప్తా."