గొంతెత్తి ఏడ్వడానికి ఒక చోటు

లండన్‌లో చదువుకునేటప్పుడు ఆదివారం వచ్చిందంటే ఒకే ఇంట్లో అద్దెకుండే మా పక్క పిల్లలమంతా పార్కుకు పోయేవాళ్ళం. అక్కడొక మూల ఎవరైనా స్టూలేసుకుని నిలబడి నోటికొచ్చింది మాట్లాడొచ్చు. దేవుణ్ణి తిట్టొచ్చు, ప్రభుత్వాన్ని తిట్టొచ్చు, భూమి బల్లపరుపుగా ఉందని వాదించొచ్చు. వినేవాళ్ళు ఎగతాళి చేస్తారు, అడ్డుప్రశ్నలు వేస్తారు. పోలీసాయన పక్కనే నిలబడి ఆవలిస్తుంటాడు. మా అనంతపురం పక్క అందులో పావు వంతు మాట్లాడినా తలకాయలు పగులుతాయి!

మాతో ఉరవకొండ పిల్లోడొకడు ఉండేవాడు. "ఏమప్పా, మైకు లేకుండా మీటింగేంది?" అని మొదట నవ్వినవాడే, తర్వాత తానే స్టూలెక్కాడు. మీకు వానంటే అంత విసుగైతే సగం మా శెనక్కాయ చేన్లకు పంపండని వచ్చీరాని ఇంగ్లీషులో అరగంట దంచాడు. పోస్టులో పంపమంటావా అని ఒక ముసలాయన అడిగాడు. జనం పడీపడీ నవ్వారు.

మాలో నోరెత్తనిది రాయదుర్గం పిల్ల ఒక్కతే. ఎంత ఎగేసినా "నాకేముండాది అక్కా చెప్పేకి" అని నా వెనక నక్కేది. వాళ్ళ నాయన చిన్నప్పుడే పోయాడు. వాళ్ళమ్మ జీన్స్ కార్ఖానాలో మిషన్ మీద ప్యాంట్లకు జేబులు కుట్టి సాకింది. ఒక్కగానొక్క కూతురు.

ఒక శనివారం పొద్దున ఆ పిల్ల మేనమామ ఫోన్ చేశాడు. వాళ్ళమ్మ గుండె ఆగి చనిపోయింది. మేమంతా వీసా పొడిగింపుకు అర్జీ పెట్టి ఉన్నాం. అది తేలకముందే దేశం దాటితే అర్జీ రద్దు. అయినా పోతానని లేచింది పిల్ల. మేనమామే వద్దన్నాడు.

"నువ్వొచ్చేదాంకా ఉంచేకి కాదు పాపా. సాయంత్రానికి మన్ను చేస్తాం. ఆడే ఉండు."

మా పక్క చావింట్లో కూతురు శోకం పెట్టాలి. ఊరికే కన్నీళ్ళు కార్చడం కాదు. పోయిన మనిషి ఏం తిన్నది, ఏం తినలేకపోయింది, ఎవరిని సాకింది, ఎన్ని మాటలు పడింది, అన్నీ రాగం తీసి ఊరంతటికీ వినబడేలా చెప్పాలి. లేకపోతే "ఏడ్సే దిక్కు లేని సావు" అంటారు. దానికన్నా పెద్ద తిట్టు మాకు లేదు.

పిల్ల గదిలోనే మొదలుపెట్టింది. "నన్ను కన్నమ్మా" అని ఎత్తుకుందో లేదో, కింది ఇంటివాళ్ళు కర్రతో పైకప్పు గుద్దారు. రెండోసారికి వచ్చి తలుపు బాదారు. వాళ్ళకేం తెలుసు పాపం, ఎవరినో చంపుతున్నారనుకుని ఉంటారు. సంగతి చెప్తే అయ్యో అన్నారు, వెళ్ళిపోయారు. ఇక పిల్ల నోట్లో టవలు కుక్కుకుంది. ఆ రోజంతా టవలుతోనే ఉంది. నాకు చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

మర్నాడు తనే అడిగింది. "అక్కా, ఆ పార్కులో అరిస్తే ఎవురూ ఏమనరు గదా?"

"అనరు. పోదాం పా" అన్నాను.

ఉరవకొండ పిల్లోడు స్టూలు మోసుకొచ్చాడు. ఆ రోజు వాడి నోట హాస్యం లేదు. పిల్ల పైకెక్కి, చున్నీ నడుముకు బిగించి, ఒక్కసారిగా గొంతెత్తింది.

"నన్ను కన్నమ్మా... ఊరందరికీ జేబులు కుట్టి కుట్టి నీ ఏళ్ళలో సూదులు దిగెనే... నీకంటూ ఒక రూపాయి దాసుకోకపోతివే... నన్ను ఇమానమెక్కిచ్చి నువ్వు మన్నులోకి పోతివా తల్లీ... పిడికెడు మన్ను నేనెయ్యకపోతినే..."

జనం మూగారు. ఇదేం మతమని ఒకడు అరిచాడు. ఎవరిని తిడుతోందని ఇంకొకడు. ఉరవకొండ పిల్లోడు వాళ్ళవైపు తిరిగి, "వాళ్ళమ్మ చనిపోయింది, వాళ్ళమ్మతో మాట్లాడుతోంది" అని ఇంగ్లీషులో చెప్పాడు. అంతే. పక్క స్టూలు మీద దేవుడి గురించి అరుస్తున్నాయన కూడా నోరు మూసుకున్నాడు.

గొంతు పోయేదాకా ఏడ్చి పిల్ల ఆగింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ వెంటనే అందరూ కొట్టారు. మంచి మనసుతోనే కొట్టారు, నాకు తెలుసు. కానీ శోకానికి చప్పట్లు కొట్టడమేంది! పిల్ల బిత్తరపోయి చుట్టూ చూసింది. అదే రాయదుర్గంలో అయితే ఈపాటికి పదిమంది ఆడవాళ్ళు వచ్చి మెడ పట్టుకుని గొంతు కలిపేవాళ్ళు.

ఇక్కడ నేనొక్కదాన్నే. మాది సోమందేపల్లెలో అంగడి పెట్టుకున్న ఇల్లు. మా ఇళ్ళల్లో మాత్రం ఎవరు పోయినా కొంగు అడ్డం పెట్టుకుని మెల్లిగా ఏడుస్తారు. శోకం పెట్టడం నాకు చేతకాదు. అయినా పోయి, పిల్లను కిందికి దించి, మెడ కరుచుకుని ఏడ్చాను.

బొంగురుపోయిన గొంతుతో నా చెవిలో అంది.

"గట్టిగా ఏడ్సు అక్కా. మిషన్ల మోతకు మాయమ్మకు చెవులు పోయినాయి. మెల్లిగా ఏడిస్తే ఇనపడదు."