తాండూరు గాలికి తగిన ఫిల్టర్

నాకు కారు పిచ్చి ఉందని మా కాలేజీలో అందరికీ తెలుసు. వికారాబాద్ నుంచి రోజూ తాండూరు వెళ్లి ఫిజిక్స్ చెప్పి వచ్చే ఉద్యోగం నాది. పదకొండేళ్లు రైల్లోనో బస్సులోనో నిలబడి తిరిగాక, నలభై దాటిన వయసులో సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న పెట్రోల్ టర్బో కారు కొనుక్కున్నాను. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. ఇంటికీ కాలేజీకీ జవాబు చెప్పనక్కర్లేని ఆ రెండు గంటలే నావి. అనంతగిరి ఘాట్ మీద మూడో గేరులో టర్బో లాగుతుంటే, వంటింట్లో మొదలైన చిరాకంతా ఎక్కడో వెనక దిగిపోయేది. ఆ కారుకేమైనా అయితే ఇంకొకటి కొనే స్థితి నాకు లేదు. మళ్లీ రైలే గతి.

అంత అపురూపమైనదాన్ని ఉన్నదున్నట్టు ఉంచుకున్నానా అంటే, లేదు. హైదరాబాద్ తీసుకెళ్లి ట్యూన్ చేయించాను. ల్యాప్‌టాప్ తగిలించి ఇంజన్‌కు కొత్త లెక్కలు ఎక్కించారు. బలం పెరిగింది కాబట్టి గాలి కూడా ఎక్కువ కావాలని, కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ డబ్బా, దాని గొట్టం మార్చుకుంటే మంచిదని చెప్పారు. ఇక నాకు నిద్రాహారాలు లేవు. రెండు నెలలు వీడియోలు చూసి, చివరికి రెండు రకాల దగ్గర ఆగాను. ఒకటి డబ్బా లేకుండా బానెట్ కింద బయటికే ఉండే గరాటు లాంటి ఫిల్టర్. యాక్సిలరేటర్ వదలగానే బుస్సుమంటుంది. రెండోది మూసిన డబ్బాలో కూర్చునే పెద్ద ఫిల్టర్. దానికి చప్పుడు తక్కువ. గాలి ప్రవాహం గురించి పిల్లలకు పాఠం చెప్పే నేను చప్పుడును చూసి మొదటిది కొన్నాను. సిగ్గుపడాల్సిన మాటే, కానీ నిజం.

తాండూరులో నా కారు చూసే మెకానిక్‌ను నేను చాచా అంటాను. అరవై దాటిన మనిషి. నాపరాయి గనుల్లో కంప్రెసర్లు, డ్రిల్లింగ్ మిషన్లు బాగుచేస్తూ ఇరవై ఏళ్లు గడిపి, ఆ తర్వాత సొంతంగా షెడ్డు వేసుకున్నారు. నేను తెచ్చిన ఫిల్టర్‌ను చేతిలో అటూ ఇటూ తిప్పి చూశారు.

"గిది ఏ ఊరి కోసం చేసిండ్రో గని, మన ఊరి కోసమైతే కాదు బిడ్డా."

"దునియంత వాడుతున్నరు చాచా," అన్నాను, కొంచెం కటువుగానే.

"దునియంత రాతిపొడి ఉంటదా?"

నిజానికి ఆ ప్రశ్న నాకు రావాలి. రోడ్డుకు రెండు పక్కలా రాళ్లు పాలిష్ పట్టే యూనిట్లు, ఎదురుగా బండల లారీలు, కరణ్‌కోట వైపు నుంచి సున్నపురాయి టిప్పర్లు. పదకొండేళ్లు ఆ ఊళ్లో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నడిచాను. కారు కూడా ఆ గాలే పీలుస్తుందని నా బుర్రకు తట్టలేదు. పైగా పట్టుబట్టాను. ఆయన వాదించలేదు.

"పెడ్త. గని వారం నడిపి, జుమ్మా రోజు నమాజ్ అయినంక తీస్కరా. గుడ్డ పెట్టి చూస్త."

ఆ గుడ్డ సంగతి అప్పుడే చెప్పారు. గనిలో రోజూ పని అయిపోయాక తెల్లగుడ్డకు కాస్త గ్రీజు రాసి, ఫిల్టర్ దాటాక ఉండే గొట్టం లోపల తుడిచేవారట. గుడ్డకు రాతిపొడి అంటితే ఫిల్టర్ సంగతి తేలేదాకా మర్నాడు మిషన్ నడపనిచ్చేవారు కాదట.

ఆ వారమంతా నేను నేల మీద లేను. ఘాట్ మలుపు మలుపుకీ బుస్సు. "మేడమ్ ప్రెషర్ కుక్కర్ వచ్చింది," అని స్టాఫ్ రూములో నవ్వేవారు. నవ్వనీ అనుకున్నాను.

శుక్రవారం చాచా గొట్టం ఊడదీసి, గుడ్డ చుట్టిన వేలు లోపలికి పెట్టి తుడిచారు. బయటికి వచ్చిన గుడ్డ బూడిద రంగులో ఉంది. నా వేళ్ల మధ్య పెట్టి రుద్దమన్నారు. గరగరలాడింది. ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బోలో అంత వేగంగా తిరిగే పంకాకు అది గరుకు కాగితంతో సమానమని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కళ్ల ముందు వికారాబాద్ ప్లాట్‌ఫారం కనిపించింది.

చాచా ఫోన్ లైటు వేసి పంకా రెక్కల అంచులు ఒక్కొక్కటీ తడిమారు. నా చేత కూడా తడిమించారు.

"బచ్ గయా. ఇంక అరగలేదు. గిట్లనే కొన్ని నెలలు తిప్పితె ఖతమయ్యేది."

"ముందే గట్టిగ ఎందుకు వద్దనలే చాచా?"

"సదువుకున్నదానివి. చెప్తె వినవు, చూస్తె నమ్ముతవు."

ఆ రోజే మూసిన డబ్బా రకానికి ఆర్డర్ పెట్టాను. అది వచ్చేదాకా కంపెనీ డబ్బానే తిరిగి బిగించారు. కొత్తది వచ్చాక మూత చుట్టూ రబ్బరు ఎక్కడా ఎడం లేకుండా కూర్చునేదాకా మూడుసార్లు విప్పి బిగించారు. రెండు వారాలకు మళ్లీ తుడిచి చూశారు. ఈసారి గుడ్డ మీద గ్రీజు తప్ప ఏమీ లేదు. దాన్ని ఎత్తి నాకు చూపిస్తూ నవ్వబోయారు. దగ్గు తెర వచ్చి, పానా బల్ల మీద పెట్టేసి చాలాసేపు ఒంగి నిలబడ్డారు. ఆ దగ్గు నేను ఎన్నాళ్లుగానో వింటున్నాను, ఎన్నడూ అడగలేదు.

"ఎప్పటినుంచి చాచా?"

"గనులకెల్లి. మిషన్‌కైతే రోజూ గుడ్డ పెట్టి చూసినం బిడ్డా. మనిషి లోపట ఏం పెట్టి చూస్తం?"

రెండో శనివారం కాలేజీకి సెలవు. పొద్దున్నే తాండూరు వెళ్లి, వద్దంటున్నా వినకుండా ఆయన్ను కారెక్కించుకున్నాను. అనంతగిరి గుట్ట మీది ఆసుపత్రిలో ఛాతీ పరీక్షలకు బయలుదేరాం. ఈ రోడ్డు మీద రోజూ నావైన ఆ రెండు గంటలు నాకింకా మిగిలాయంటే ఆయన చేతుల వల్లే. ఆ మాట చెప్పాలని ధారూర్ దాటేదాకా చూశాను. చివరికి తిన్నగా చెప్పేశాను.

"ఫికర్ చెయ్యకు," అన్నారు, అదేదో నా కష్టమైనట్టు.

ఘాట్ మొదలయ్యాక ఆయన అద్దం కొద్దిగా దించారు. "జర తొక్కు, విందాం."

మూడో గేరులో వేసి తొక్కాను. బుస్సు లేదు. డబ్బా లోపల గాలి సన్నగా, ఒకే తీరుగా లాగుతున్న చప్పుడు. ఆయన చెవి అటు పెట్టి మలుపు దాటేదాకా విన్నారు.

"మంచిగ పీలుస్తున్నది," అన్నారు. "నాకంటె మంచిగ."