చేతులు దానివి, కాళ్లు మనవి

తనంతట తాను నడిచే కారును ఇప్పుడు టీవీలో చూసి జనం నోరు వెళ్లబెడుతుంటే నాకు నవ్వూ వస్తుంది, కాస్త మంటా పుడుతుంది. అలాంటి బండిలో నేను తొంభైల చివర్లోనే కూర్చున్నాను. అదీ ఏ పెద్ద నగరంలోనో కాదు, దుత్తలూరుకూ ఉదయగిరికీ మధ్య గుంటలు పడిన రోడ్డు మీద. చెబితే మా ఇంట్లోవాళ్లే నమ్మరు. నమ్మకపోతే వాళ్లిష్టం. అయినా నేను చెప్పదలచుకున్నది ఆ బండి సంగతి కాదు, అందులో కూర్చున్న మా బావ సంగతి.

బావ అంటే మా అక్క భర్త. లారీ డ్రైవరు. కావలి నుంచి జలదంకి మీదుగా మా మెట్ట ఊళ్లకు సరుకు తెచ్చేవాడు. నాకు స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనే. గేరు కరకరమంటే చాలు, నెత్తిన మొట్టికాయ పడేది. ఆత్మకూరు స్టాండులో బాడుగ జీపు తోలుకుని నేను బతికానంటే ఆ మొట్టికాయల పుణ్యమే.

ఒక సాయంత్రం జలదంకి దాటాక, నెత్తిన గడ్డిమోపుతో ఒక ఆడమనిషి బావ లారీకి అడ్డం వచ్చింది. మోపు కళ్ల మీదికి దిగి ఉండటంతో ఆమెకు లారీ కనబడలేదు. అక్కడికక్కడే ప్రాణం పోయింది. కేసు నడిచింది. నేను ప్రతి వాయిదాకూ బావ వెంట వెళ్లాను. డ్రైవరు తప్పేమీ లేదని ఆమె తరఫువాళ్లే, పాపం, నోరు విప్పి చెప్పారు. కేసు కొట్టేశారు.

కోర్టు కొట్టేసినా బావ కొట్టేయలేదు. ఆయన్ని పట్టుకున్న ప్రశ్న ఒక్కటే: బ్రేకు ఎప్పుడు తొక్కాను? ఆమె కనబడగానే తొక్కానా, లేక ఏదో ధ్యాసలో ఉండి ఆలస్యం చేశానా? ఆ సమయంలో ఇంటి సంగతేదో మనసులో తిరుగుతూ ఉండిందని ఆయనకు గుర్తు. లారీ ఆగిపోయి ఉండటమూ గుర్తు. మధ్యలో బ్రేకు తొక్కడం మాత్రం గుర్తు లేదు. పక్క సీట్లో క్లీనరు ఉన్నాడు గానీ అప్పుడు నిద్రపోతున్నాడు. వెంటనే తొక్కావని వాడు ఎన్నిసార్లు చెప్పినా అది ఓదార్పు మాటేనని ఇద్దరికీ తెలుసు. బావ బండి ముట్టుకోవడం మానేశాడు. చర్చిలో చివరి బెంచీలో కూర్చునేవాడు, ప్రభు భోజనపు రొట్టె పళ్లెం దగ్గరికి వస్తే తనకు తగదన్నట్టు తల అడ్డంగా ఊపి పక్కవాళ్లకు అందించేవాడు. పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్లినా ఏమీ మారలేదు. మనిషి కళ్లముందే కరిగిపోతున్నాడని, ఏదో ఒకటి చెయ్యమని అక్క నా దగ్గర ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే మద్రాసు నుంచి ఒక మేడం వచ్చింది. గుంటూరు వైపు మనిషి, మద్రాసులో ఏదో పరిశోధన సంస్థలో పని. మనిషి పట్టుకోకుండా స్టీరింగు తిప్పుకునే బండి తయారు చేస్తున్నామనీ, బస్సులూ లారీలూ పెద్దగా తిరగని రోడ్డు కావాలనీ, దాని మీద నడిపి చూడటానికి డ్రైవర్లు కావాలనీ చెప్పింది. స్టాండులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ ఒప్పుకున్నాను.

బండి మామూలు జీపే. ముందు అద్దం పైన ఒక కెమెరా, వెనక సీట్లో తాళ్లతో కట్టిన కంప్యూటరు, దాని కింద వరసగా బ్యాటరీలు. స్టీరింగు రాడ్డుకు ఒక మోటారు, సైకిలు చెయిను లాంటి చెయిను. గేరు పక్కన ఒక స్విచ్చి. అది వేస్తే స్టీరింగు కంప్యూటరు చేతికి పోతుంది, తీసేస్తే మన చేతికి వస్తుంది. చేతులు దానివి, కాళ్లు మనవి. ఆక్సిలేటరూ బ్రేకూ మనమే చూసుకోవాలి.

ముందు కొన్నాళ్లు నేను తోలాను. రోడ్డు ఎలా ఉందో కెమెరా చూసేది, నేను స్టీరింగు ఎటు తిప్పానో కంప్యూటరు చూసేది. అలా నన్ను చూసి చూసి నేర్చుకుంటుందట. నాకూ ఒక శిష్యుడు దొరికాడనుకున్నాను, మొట్టికాయ వేయడానికి వాడికి నెత్తి లేకపోయింది గానీ. తర్వాత మేడం స్విచ్చి వేయమంది. నా ముందు స్టీరింగు దానంతట అది తిరుగుతుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తొడల కింద పెట్టుకున్నాను. చింతచెట్ల నీడలు రోడ్డు మీద పడితే దానికి అయోమయం, నీడ అంచునే రోడ్డు అంచనుకుని తడబడేది. ఎదురుగా బస్సు వస్తే స్విచ్చి తీసేసి నేనే పట్టుకునేవాణ్ని. ఈ పని కష్టమంతా ఏమీ చేయకుండా కూర్చోవడంలో ఉంది. చేతులకు పని లేకపోతే కళ్లు వాలిపోతాయి. ఒకసారి నా తల ముందుకు వాలడం మేడం చూసింది. ఇంకో డ్రైవరు కావాలి, ఇద్దరూ వంతులవారీగా కూర్చోవాలి అంది.

నేను బావ పేరు చెప్పాను, జరిగింది కూడా దాచకుండా చెప్పాను. ఆమె ఆయన దగ్గరికి తీసుకుపొమ్మంది.

అక్క టీ ఇచ్చింది. బావ గోడకు ఆనుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. నేను నచ్చజెప్పబోయాను. "నువ్వు తోలాల్సిన పన్లేదు బావా. ఊరికే కూర్చుంటే చాలు. చేతులు దానివి."

"కాళ్లు?"

"కాళ్లు మనవే."

"ఆ కాళ్ల మీదనే కదరా నాకు నమ్మకం లేంది" అన్నాడు బావ.

మేడం గ్లాసు కింద పెట్టి, అందుకే మీరు కావాలి అంది. ధైర్యం ఉన్నవాళ్లు నిద్రపోతారు, భయం ఉన్న మనిషే నాకు కావాలి అంది. ఆ నిద్ర మాట నాకు తగిలిందని వేరే చెప్పాలా? కానీ బావ తలెత్తి ఆమె ముఖం చూశాడు. ప్రమాదం జరిగాక ఆయన భయానికి ఎవరూ పనికివచ్చే వస్తువంత మర్యాద ఇవ్వలేదు. అందరం దాన్ని పోగొట్టాలనే చూశాం. మర్నాడు పొద్దున ఆయనే చొక్కా వేసుకుని వచ్చి జీపు పక్కన నిలబడ్డాడు.

బావ కూర్చునే తీరు వేరు. చేతులు ఒళ్లో, కుడికాలు బ్రేకు పక్కనే, రెప్ప వాల్చని చూపు. బండి సైకిలు కంటే కాస్త వేగంగా పోయేది, అంతే. అయినా దిగేసరికి ఆయన చొక్కా తడిసి ముద్దయ్యేది. ఇంటికి పోయి అన్నం మాత్రం తినేవాడు. అక్క ఆ మాట చెబితే నేను మళ్లీ చెప్పించుకుని విన్నాను.

అది ఉలవలు పీకే కాలం. మా వైపు రైతులు ఉలవ చెట్లు పీకి తెచ్చి తారు రోడ్డు మీదే పరుస్తారు. పోయే వచ్చే బండ్లు వాటి మీద ఎక్కితే నూర్పిడి అయిపోతుంది, వేరే కళ్లం అక్కర్లేదు. మీద ఎక్కించి పోతే చల్లగా ఉండమంటారు, పక్కనుంచి పోతే వెనకనుంచి తిడతారు. అందుకని మా డ్రైవర్లందరికీ అలవాటు. పరుపు కనబడగానే హారను కొట్టడం, దాంట్లో ఉన్న మనుషులు లేచి పక్కకు పోగానే చక్రాలు దాని మీదికి మళ్లించడం. కంప్యూటరుకు నేర్పే రోజుల్లోనూ నేను అలాగే తోలాను. రోడ్డు మీద ఉలవలుంటే ఎక్కించకుండా పోవడం మాకు తెలియదు.

ఆ రోజు మధ్యాహ్నం బావ స్టీరింగు ముందు ఉన్నాడు. నేను పక్కన, మేడం వెనక. ఉదయగిరి కొండ ఎదురుగా కనబడుతూ ఉంది. ఒక మిట్ట ఎక్కి దిగగానే ఎడమవైపు ఉలవ పరుపు. స్టీరింగు సున్నితంగా, నా చేయి తిప్పినట్టే, ఎడమకు తిరిగింది. నేను వెనక్కి తిరిగి మేడంతో ఏదో చెబుతున్నాను. ఒక్కసారిగా జీపు కుదుపుతో ఆగిపోయింది. నా తల అద్దానికి కొట్టుకుంది. కంప్యూటరు తాళ్లు తెంచుకుని మేడం మోకాళ్ల మీద పడింది.

ముందుకు తిరిగి చూస్తే బానెట్టుకు బారెడు దూరంలో ఒక అవ్వ. మాకు వీపు పెట్టి, ఉలవల రంగే ఉన్న పాత చీర నెత్తిన కప్పుకుని, గొంతుక్కూర్చుని కాయలు ఏరుతోంది. ఆమెకు చెవులు వినబడవని తర్వాత తెలిసింది. ఇంజను చప్పుడు కూడా ఆమెకు చేరలేదు. ఇంజను వేడి వీపుకు తగిలిందని కాబోలు, మెల్లగా తిరిగి చూసింది. భయపడలేదు. ఏం తప్పిందో ఆమెకు తెలియదు. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, పక్కకు జరిగి, మాకు దారి చూపిస్తూ చెయ్యి ఊపింది.

"నిలిపినావేంది నాయనా? ఎక్కించు, ఎక్కించు."

బావ కదలలేదు. కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది. నేను చెయ్యి వేసి తీయబోతే తోసేశాడు. ముందు చూపు తిప్పకుండానే అడిగాడు. "నేను ఎప్పుడు తొక్కినానురా?"

అబద్ధం చెప్పాలని కూడా నాకు తట్టలేదు. "నేను చూడలేదు బావా. తిరిగేసరికే బండి నిలబడి ఉండాది."

"నేనూ చూడలా" అన్నాడు. "ఆమె కనబడింది తర్వాత. కాలు ముందే పోయింది."

మేడం మోకాళ్లు పట్టుకుని దిగింది. అవ్వనూ పరుపునూ చాలాసేపు చూసింది. నేర్పే రోజుల్లో ఇలాంటివి కనబడితే ఎలా తోలారని నన్ను అడిగింది. మా వైపు అందరూ ఎక్కిస్తారని చెప్పాను. ఆమె కోప్పడలేదు. మీరు నేర్పిందే అది చేసింది, దాని తప్పూ లేదు, మీ తప్పూ లేదు అంది. మీరు హారను కొట్టేవారు, మనిషి ఉన్నాడా అని చూసేవారు, దానికి మాత్రం మీ చేతులనే చూపించాను, మీ చూపును చూపించలేదు, అది నా పని అంది. అంత చదువుకున్న మనిషి అంత తేటగా ఆ తప్పును తన లెక్కలోనే వేసుకోవడం చూసి నాకు ఆమె మీద గౌరవం పుట్టింది. ఆ రోజుకు పని చాలించమంది.

అవ్వ ఇంకా నిలబడే ఉంది, మేము ఎక్కిస్తామని. నేను దిగి బావ వైపు వెళ్లి, జరగమన్నాను, నేను తోలతానన్నాను. బావ నన్ను చూసి, గేరు పక్కన స్విచ్చి తీసేశాడు. చేతులు ఒళ్లోంచి ఎత్తి స్టీరింగు మీద పెట్టాడు. నేను వెనక్కి అడుగేసి అవ్వ పక్కన నిలబడ్డాను. జీపు కదిలింది. ఉలవ పరుపు మీద మెల్లగా ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది, మళ్లీ పోయింది. చక్రాల కింద కాయలు చిటపటమని పేలాయి. ఎక్కడా గేరు కరకరమనలేదు. అవ్వ చాల్లే అని చెయ్యి అడ్డం పెట్టేదాకా ఆయన తోలుతూనే ఉన్నాడు. నేను ముఖం కొండ వైపు తిప్పుకుని ఏడ్చాను. ఏడ్చానని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

తిరుగు దోవలో ఆయనే తోలాడు. మేడం వెనక కళ్లు మూసుకుంది. నాకు లోలోపల పండగగా ఉంది. ఇంక అయిపోయింది, మా బావ మాకు దక్కాడు, అక్కకు ఏమని చెప్పాలి అనుకుంటూ ఉన్నాను. దుత్తలూరు దగ్గరికి వస్తుండగా బావ మాట్లాడాడు.

"ఆ పొద్దు కూడా కాలు ముందే పోయుంటాదిరా."

"పోయే ఉంటాది బావా. మేమందరం చెప్తానే ఉండాం కదా."

"పోయినా చాల్లేదు." గుంట దగ్గర గేరు తగ్గించాడు. "ఇన్నాళ్లూ నన్ను నేను తిట్టుకుంటా కూర్చున్నాను. ఆమెను గురించి ఒక్క పొద్దన్నా తలుచుకోలా."

నా లోపలి పండగ అక్కడే ఆగిపోయింది. ఆయన చెప్పింది నిజం. మేమందరమూ ఆయన్నే తలుచుకున్నాం, ఆయన కోసమే ప్రార్థన చేశాం. గడ్డిమోపు మోస్తూ పోయిన మనిషి మాట మా ఇంట్లో ఎవరి నోటా ఎప్పుడూ రాలేదు.

"కోర్టులో నా చెవికేమీ ఎక్కలా. నువ్వు విన్నావు కదా" అన్నాడు బావ. "ఆమె పేరు ఏందిరా?"

చెప్పాను. ఆయన ఆ పేరును ఒకసారి మెల్లగా పలికి, జీపును రోడ్డు పక్కకు తీసి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.