లీవరుకు కట్టిన తీగ

పెళ్లి జరిగిన మర్నాడు పొద్దున లాన్ ఎలా ఉంటుందో పెళ్లికి వచ్చినవాళ్లకు తెలియదు. తుక్కుగూడ దగ్గర ఒక ఫంక్షన్ లాన్‌లో ఎనిమిదేళ్లుగా తోటపని చేస్తున్నాను కనుక నాకు తెలుసు. వాడిపోయిన బంతిపూల కింద డెకరేషన్ వాళ్లు వదిలేసిన తీగ ముక్కలుంటాయి. టెంటు మేకులుంటాయి. సీసా మూతలు, పగిలిన గ్లాసులు ఉంటాయి. ఇవన్నీ ఏరడం మా ఆడవాళ్ల పని. ఏరాక గడ్డి కోయడం డ్రైవరు పని.

రెండేళ్ల కిందట మా ఓనరు పెద్ద గడ్డి మిషను కొన్నాడు. చేత్తో తోసేది కాదు. చిన్న ట్రాక్టరు వెనక కొక్కేనికి తగిలిస్తే ఈడ్చుకుంటూ పోయేది. బ్లేడ్లు తిప్పడానికి దానికి సొంత ఇంజను ఉంది. అది ఎలా నడపాలో చూపించడానికి అత్తాపూర్ నుంచి ఒక పెద్దాయన, మెకానిక్కు వచ్చాడు. ఆయన చెబుతున్నంతసేపూ మేనేజరు ఫోన్‌లో ఉన్నాడు. డ్రైవరు ట్రాక్టరు మీద కూర్చుని తల ఊపాడు. మొత్తం విన్నది నేనూ, నాతో పాటు పనిచేసే అక్కా.

"స్టార్ట్ చేసే ముందు ఈ లీవరు కిందికుండాలె. అట్లుంటే బ్లేడు తిరగదు. చోక్ పెట్టి తాడు గుంజు. ఇంజను వేడెక్కినంక, చుట్టుపక్కల ఎవ్వరు లేరని చూసుకున్నంకనే లీవరు లేపాలె" అన్నాడాయన. మిషను పక్కన గడ్డి బయటికి వచ్చే చోట ఉన్న రబ్బరు మూతను చూపించాడు. "గిది ఎప్పటికీ తియ్యొద్దు. రాయో మేకో తగిలిందనుకో, తూటా లెక్క ఎగురుతది."

"లోపల గడ్డి ఇరుక్కుంటే ఎట్ల బాపు?" అని అడిగాను.

"మంచిగ అడిగినవ్ బిడ్డా. ఇంజను బందు చెయ్యాలె. బ్లేడు మొత్తం ఆగాలె. ప్లగ్గు వైరు పీకి పక్కకు పెట్టినంకనే చెయ్యి పెట్టాలె."

డ్రైవరు నన్ను చూసి నవ్వాడు. "ఇగ అక్కనే నడుపుతదేమో."

వానాకాలం వచ్చింది. తడి గడ్డి మాటిమాటికీ ఇరుక్కుంటోందని డ్రైవరు రబ్బరు మూత పీకేశాడు. ఇంకో వారానికి లీవరు పైకే ఉండేలా బైండింగ్ తీగతో కట్టేశాడు. అంటే తాడు లాగి ఇంజను అందుకోగానే బ్లేడ్లు తిరుగుతాయి.

"అన్నా, గా తీగ ఎందుకు కట్టినవ్?" అన్నాను.

"ప్రతిసారి దిగి లీవరు లేపుడు ఎవనితోటైతది? నడుం పోతున్నది. నేను చూసుకుంట, నువ్వు నీ పని చూసుకో."

మేనేజరుకు చెప్పాను. ఆయనది కోస్తా. ఎప్పుడూ గొంతు పెంచడు. "మీకెందుకమ్మా అవన్నీ? ఆయన లైసెన్సు ఉన్న మనిషి. మీరు వెళ్లి పని చూసుకోండి" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండింది. ట్రాక్టరు లైసెన్సు ఉంటే మేకు ఎగరకుండా ఆగుతుందా?

ఒక శనివారం పొద్దున మేం సగం లాన్ కూడా ఏరకముందే మేనేజరు డ్రైవరును వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఇంకా సగం ఉంది సార్" అన్నాను.

"సాయంత్రం రిసెప్షన్ ఉందమ్మా. ఆయన అటు కోస్తూ ఉంటాడు, మీరు ఇటు ఏరండి."

డ్రైవరు తాడు లాగాడు. ఇంజనుతో పాటే బ్లేడ్లూ తిరిగాయి. మొదటి రెండు వరుసలు దూరంగానే పోయాడు. మూడోసారి మా వైపు మళ్లాడు. నేను చెయ్యెత్తి ఆపమని అరిచాను. అప్పుడే శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దిగే విమానం ఒకటి మా నెత్తి మీదుగా పోతోంది. నా అరుపు నాకే వినిపించలేదు. ఆ హోరు తగ్గుతుండగా మిషను కింద టప్పుమని ఒక చప్పుడు విన్నాను. పక్కన వంగి ఉన్న అక్క అలాగే కూలబడింది. కాలికి ఏదో కుట్టిందనుకుని చీర పైకి లాగి చూసుకుంది. పిక్కలో టెంటు మేకు దిగి ఉంది.

నేను ట్రాక్టరుకు అడ్డంగా పరుగెత్తాను. డ్రైవరు ఆపాడు. ట్రాక్టరు ఆగినా వెనక మిషను తిరుగుతూనే ఉంది. అతను సీటులోంచి కదలలేదు. భయంతో బిగుసుకుపోయాడు. నేనే వెళ్లి మిషను స్విచ్చు ఆపాను. మేకు పీకకుండా దాని చుట్టూ నా చున్నీ కట్టి, ఆటోలో శంషాబాద్ దవాఖానకు తీసుకెళ్లాను. ఎముకకు ఏం కాలేదు కానీ నరం తెగిందన్నాడు డాక్టరు. దారంతా అక్క ఏడవలేదు. "చీర కరాబైంది" అని మాత్రం రెండుసార్లు అంది.

ఆదివారం చర్చి నుంచి నేరుగా ఆమె ఇంటికి వెళ్లాను. నా కంటే ముందే డ్రైవరు వచ్చి ఉన్నాడు. బత్తాయిల సంచి పట్టుకుని గడప బయటే నిలబడ్డాడు. "తప్పైందక్కా" అన్నాడు. మేనేజరు రాలేదు.

సోమవారం మేనేజరు నన్ను ఆఫీసుకు పిలిచి రిజిస్టరు ముందుకు తోశాడు. "పనిచేస్తూ సొంత అజాగ్రత్త వల్ల జారి మేకు మీద పడినది" అని రాసి ఉంది. కింద సాక్షి అని నా పేరు.

"ఆమె జారి పడలేదు సార్."

"ఫార్మాలిటీయే కదమ్మా. ఒక సంతకం పెట్టండి."

"జారి పడితే మేకు పిక్క వెనక ఎట్ల దిగుతది?"

ఆయన పెన్ను ఇచ్చాడు. మంచం మీదున్న మనిషి మీదికే తప్పు నెట్టి, దానికి నా సంతకం అడుగుతున్నాడు. పెన్ను తీసుకుని ఆ వాక్యం కిందే రాశాను: మూత తీసేశారు, లీవరు కట్టేశారు, ఏరడం అయిపోకముందే మిషను నడిపారు, మేకు ఎగిరి తగిలింది. దాని కింద సంతకం పెట్టాను. ఆయన మొదటిసారి గొంతు పెంచాడు. నేను బయటికి వచ్చేశాను.

షెడ్డులోకి వెళ్లి కటింగ్ ప్లేయరుతో ఆ తీగ కత్తిరించాను. సాయంత్రం ఓనరు వస్తే టేబుల్ మీద పెట్టి, దేనికి కట్టిందో, ఎందుకు కట్టిందో చెప్పాను. డ్రైవరును పిలిచి అడిగాడు. అతను ఒప్పుకున్నాడు. "సారుకు అక్క ముందుగాలనే చెప్పింది" అని నన్ను చూపిస్తూ అన్నాడు. ఇక మీదట నేను చూశాకే మిషను నడవాలన్నాడు ఓనరు. వారంలో మెకానిక్కు మళ్లీ వచ్చి కొత్త మూత బిగించాడు.

ఇప్పుడు లాన్ మొత్తం నేను నడిచి చూశాకే మిషను స్టార్టవుతుంది. తాడు లాగేది, లీవరు లేపేది నేనే. నేను పక్కకు తప్పుకుని చెయ్యి చూపిస్తేనే డ్రైవరు ట్రాక్టరు కదిలిస్తాడు. గంట ఆలస్యమవుతోందని మేనేజరు సణుగుతాడు. సణగనీ. ఉద్యోగం ఆయనది ఊడలేదు. ఒక మాటైనా పడలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

అక్క నెలన్నర మంచం మీద ఉండి తిరిగి వచ్చింది. కింద గొంతుక్కూర్చోలేదు. నర్సరీలో చిన్న స్టూలు మీద కూర్చుని మొక్కలకు మట్టి నింపుతోంది. ఇదంతా రాస్తున్నానని చెబితే చేతులకున్న మట్టి దులుపుకుంటూ, "నేను జారి పడలేదని రాయి" అంది.

ఆమె జారి పడలేదు.